నవ్వుతో శాసనమును నిలదీసిన దర్శకుడు – పియెత్రో జెర్మి

శాసన గ్రంథములు నవ్వుకొనుటకై వ్రాయబడినవి కావు. వాటి భాష గంభీరము. వాటి నడక మందము. వాటిని చేతబట్టి చదువువారి ముఖములు మరింత గంభీరములు. అట్టి గ్రంథమునుండి ఒక చిన్న నిబంధనను పైకి తీసి, తెరమీద చదివించి, ఒక దేశపు ప్రజలచేత పగలబడి నవ్వించిన దర్శకుడొకడు కలడు. ఆతని పేరు పియెత్రో జెర్మి. ఆ చిత్రము 1961వ సంవత్సరము డిసెంబరు నెలలో ఇటలీలో విడుదలయ్యెను. ఆ నిబంధన ఇటలీ శిక్షాస్మృతిలోని 587వది. ప్రజలు నవ్విన ఇరువది సంవత్సరములకు గాని అది రద్దు కాలేదు. ఆ నవ్వునకును ఈ రద్దునకును నడుమ ఏమి జరిగినది, అపహాస్యము చేయగలిగినదేమి, చేయలేనిదేమి అను ప్రశ్నయే మన నేటి ప్రసంగమునకు విషయము.

ముందుగా ఆ నిబంధన ఏమి చెప్పినదో చూతము. భార్యనో, కుమార్తెనో, సోదరినో అక్రమ సంబంధమున ఉండగా కనుగొని, తన పరువునకు గాని తన కుటుంబపు పరువునకు గాని కలిగిన భంగముచే ఆగ్రహించి, ఆ క్షణముననే చంపినవానికి 3 మొదలు 7 సంవత్సరముల వరకు కారాగార శిక్ష విధింపవచ్చును. సామాన్యమైన హత్యకు అదే స్మృతి విధించు కనిష్ఠ శిక్ష 21 సంవత్సరములు. భర్తను చంపిన భార్యకును ఈ మినహాయింపు అక్షరమున వర్తించునదే. కాని కుమార్తెలు, సోదరీమణులు అను మాటలు అందుండి కుమారులు, సోదరులు అను మాటలు లేకపోవుట చూచిన యెడల, ఎవరి పరువునకు ఎవరి ప్రాణములు వెలగా కట్టబడినవో తెలియక పోదు. ఈ స్మృతి ముస్సోలినీ ప్రభుత్వ కాలమున 1930లో రూపొంది, మరుసటి సంవత్సరము అమలులోనికి వచ్చినది. నియంత పోయెను, రాజరికము పోయెను, గణతంత్రము వచ్చెను, స్త్రీలకు ఓటు హక్కు వచ్చెను. ఈ నిబంధన మాత్రము కదలలేదు.

దీనికి తోడు మరియొక సంగతి కలదు. 1970వ సంవత్సరమువరకు ఇటలీలో విడాకుల చట్టము లేదు. ఒకసారి కట్టుబడిన దంపతులను మృత్యువు తప్ప వేరెవరును విడదీయజాలరు. ఈ రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చదివినచో ఒక వింత అర్థము బయటపడును: భార్యను విడిచిపెట్టుటకు చట్టమున మార్గము లేదు గాని, పరువు పేరిట చంపినచో మాత్రము కొద్దికాలపు శిక్షతో బయటపడవచ్చును. శాసనకర్తలు ఈ అర్థమును ఉద్దేశింపలేదు. అది అక్కడ ఉన్నదని చూపుటకు ఒక హాస్యచిత్ర దర్శకుడు కావలసి వచ్చెను.

జెర్మి పుట్టుకచే హాస్యప్రియుడు కాడు. ఆతడు 1914 సెప్టెంబరు 14వ తేదీన జెనోవా రేవు పట్టణమున ఒక సామాన్య కుటుంబమున జన్మించెను. కొంతకాలము నావికా పాఠశాలలో చదివి, దానిని విడిచి, రోము నగరములోని చలనచిత్ర శిక్షణ సంస్థయగు చెంత్రో స్పెరిమెంతాలేలో చేరెను. అక్కడ అలెస్సాంద్రో బ్లసెత్తి ఆతనికి గురువు. చదువుకొనుచునే చిన్న వేషములు వేసి, సహాయకుడుగ పనిచేసి పొట్ట పోసికొనెను. మితభాషి, ముక్కోపి, నోటినుండి చుట్ట దిగని మనిషి. ఫెల్లినీ ఆతనిని 'గొప్ప వడ్రంగి' అని పిలిచెడివాడని ప్రతీతి. ఆ మాటలో కొంత చమత్కారమున్నను, జెర్మి పనితనమునకు అంతకంటె సరియైన పోలిక దొరకదు. ఆతని చిత్రములలో ప్రతి ముక్కయు కొలిచి కోసినది; ఒక దూలము మరియొక దూలములోనికి సూటిగా దిగును.

ఆతడు దర్శకుడైన కాలము రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన వెంటనే వచ్చిన కాలము. రొసెల్లిని, డి సీకా మున్నగువారు కెమేరాను వీధులలోనికి తీసికొనిపోయి, నిరుపేదల బ్రతుకును తెరకెక్కించుచుండిరి. ఈ నవ్యవాస్తవిక చిత్రములు మన దేశమునకును అపరిచితములు కావు. 1952లో జరిగిన మన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవము బొంబాయిలో ఆరంభమై, నాడు తెలుగు చిత్ర పరిశ్రమకు నెలవైన మద్రాసునకు కూడ వచ్చినది. ఆ ఉత్సవమున చూపబడిన డి సీకా చిత్రము 'సైకిలు దొంగలు' మన చిత్ర నిర్మాతలలో పెద్ద చర్చను లేవదీసెను. జెర్మి ఆ తరమునకు చెందినవాడే. 1946లో 'సాక్షి' అను చిత్రముతో ఆరంభించి, మూడేండ్లలో తన కిష్టమైన క్షేత్రమును కనుగొనెను. ఆ క్షేత్రము సిసిలీ ద్వీపము.

ఉత్తర ఇటలీ రేవున పుట్టినవానికి దక్షిణపు కొసనున్న సిసిలీ దాదాపు పరదేశము. 1949లో వచ్చిన 'న్యాయము పేరిట' అను చిత్రమున జెర్మి ఆ ద్వీపములోని ఒక గ్రామమునకు ఒక యువ న్యాయాధికారిని పంపును. అక్కడి జమీందారు గని మూసివేసి కూలీల పొట్ట కొట్టియుండును. గుఱ్ఱములెక్కి తిరుగు మాఫియా పెద్దలు తామే ప్రభుత్వమని చెప్పుకొనుచుందురు. యువకుడు ఒంటరియై, విసిగి, ఉద్యోగము వదలి పోదలచును. ఇంతలో తనను నమ్మిన ఒక పిల్లవాడు హత్యకు గురికాగా, చర్చి గంటలు మ్రోగించి, ఊరినంతయు కూడలిలో చేర్చి, రాజ్యాంగ న్యాయము పేరిట అందరి యెదుట దోషులను నిలదీయును. ఈ చిత్రపు రచనలో ఫెల్లినీకి కూడ చేయి కలదు.

ఈ కథలో గమనింపదగిన అంశమొకటి కలదు. ఇచ్చట దోషము ఆచారమునది, విమోచనము చట్టమునది. ఊరి కట్టుబాటు చీకటి. శాసన గ్రంథము దీపము. ముప్పదియైదేండ్ల జెర్మికి రాజ్యశాసనమునందు అంతటి విశ్వాసముండెను. రోము నగరము తన చట్టమును సిసిలీ దాక తీసికొనిపోయినచో చాలును, అంతయు చక్కబడునని ఆతని భావము. ఈ విశ్వాసమును మనము జ్ఞప్తియందుంచుకొందము. పండ్రెండేండ్ల తరువాత దీనికి ఏమి గతి పట్టినదో చూడవలసియున్నది.

మరుసటి సంవత్సరము వచ్చిన 'ఆశాపథము' చిత్రమున మూతపడిన గంధకపు గని కూలీలు కుటుంబములతో సహా సిసిలీ విడిచి, ఫ్రాన్సు దేశమునకు పయనమగుదురు. దారి చూపెదనన్నవాడు సొమ్ము తీసికొని మోసగించును. ద్వీపపు ఎండలో పుట్టినవారు ఆల్ప్సు పర్వతముల మంచులో నడచి సరిహద్దు దాటుదురు. 1951లో బెర్లినునందు జరిగిన మొదటి చలనచిత్రోత్సవమున ఈ చిత్రమునకు వెండి ఎలుగుబంటి బహుమానము లభించెను. 1956లో 'రైలు మనిషి' అను చిత్రమున జెర్మి తానే నాయకపాత్ర ధరించెను. ఇంజను నడుపు ఒక కార్మికుడు, ఒక దురదృష్టముచే ఉద్యోగమున క్రిందికి దిగజారి, త్రాగుడుపాలై, సమ్మె కాలమున పనికి పోయి తోటివారిచే వెలివేయబడును. వామపక్ష విమర్శకులకు ఈ నాయకుడు నచ్చలేదు. సమ్మె విరిచిన కార్మికునిపై కనికరమేల అని వారి ప్రశ్న. జెర్మి సాంఘిక ప్రజాస్వామ్యవాది. ఏ పక్షపు పాఠమును చిలుకవలె వల్లించువాడు కాడు. అందుచే ఆతనికి పొగడ్తలకంటె చీవాట్లే ఎక్కువ దక్కెను.

ఇంతవరకు ఆతని చిత్రములలో నవ్వు అరుదు. 1961లో చేపట్టిన చిత్రమును కూడ ఆతడు తొలుత ఒక విషాద కథగనే తలపెట్టెను. పరువు హత్యలను గూర్చి గంభీరమైన చిత్రము తీయవలెనని ఉద్దేశము. కాని రచయితలతో కూర్చుండి కథను అల్లుచున్న కొలది ఆ సామగ్రి హాస్యమువైపునకే లాగసాగెను. ఇది యాదృచ్ఛికము కాదని మేము తలచుచున్నాము. విషాద నాటకమున హంతకునికి ఎప్పుడును కొంత గౌరవము దక్కును. మానము కొరకు కత్తి దూసినవాడు రంగస్థలముమీద వీరుడుగనే కనిపించును. 587వ నిబంధన కోరునదియు అదియే కదా! హంతకుని ఆవేశమును ఉదాత్తముగ చూడుమని అది న్యాయమూర్తిని అర్థించుచున్నది. గంభీరముగ తీసిన చిత్రము తెలియకయే ఆ అర్థింపునకు తోడుపడును. దానిని భంగపరుపవలెనన్న ఆ ఆవేశము వెనుకనున్న లెక్కను చూపవలెను. లెక్క చూపినచో నవ్వు రాక మానదు.

అట్లు పుట్టినదే 'దివోర్ట్సియో అల్లితాలియానా'. అనగా 'ఇటలీ ఫక్కి విడాకులు'. నాయకుడు బారన్ ఫెర్దినాందో చెఫాలూ, ముద్దుపేరు ఫెఫే. అగ్రమొంతె అను కల్పిత గ్రామమున సగము కూలిన దివాణమున కాపురము. తలకు నూనె, నోట సిగరెట్టు, పెదవి కొసన మాటిమాటికి ఒక చప్పుడు. మార్చెల్లో మాస్త్రొయాన్ని ఈ పాత్రను ధరించెను. భార్య రొసాలియా ప్రేమయంతయు ఒలకబోయుచుండును. ఆ ప్రేమయే ఆతనికి భరింపరానిదై యుండును. ఆతని చూపు పదునారేండ్ల బంధువు ఆంజెలాపై పడియుండును. విడాకులు లేవు. ఎండ మండుచున్న మధ్యాహ్నములలో ఫెఫే పగటికలలు కనును: భార్య సబ్బు కాగుచున్న కాగులో పడినట్లు, ఊబిలో దిగబడినట్లు, రాకెట్టుతో ఆకాశమున కెగిరిపోయినట్లు. కల చెదరును, భార్య ఎదుట నిలిచియుండును.

ఒకనాడు న్యాయస్థానమున పరువు హత్య విచారణ చూచి, ఇంటికి వచ్చి, శిక్షాస్మృతి తెరచి 587వ నిబంధనను చదువును. ఇక ఆతనికి దారి దొరికినది. భార్యకు ఒక ప్రియుని సమకూర్చవలెను, వారిని పట్టుకొనవలెను, తుపాకి పేల్చవలెను. ఆగ్రహావేశము ఎప్పుడు రావలెనో కూడ ముందే నిర్ణయమైనది! కార్మెలో అను చిత్రలేఖకుడు, పూర్వము రొసాలియాపై మనసుపడినవాడు, దివాణపు గోడల చిత్రములను బాగుచేయు నెపమున ఇంటికి రప్పింపబడును. వారి మాటలను దొంగచాటుగ వినుటకు ఫెఫే ఒక శబ్దగ్రహణ యంత్రమును దాచి, టేపు మీద ఎక్కించుకొని, ప్రక్క గదిలో కూర్చుండి చెవులు రిక్కించును. భార్య ఎప్పుడు తప్పు చేయునా అని ఆత్రపడు భర్తను అంతకుముందు ఎవరును తెరపై చూచియుండలేదు.

ఈ చిత్రమును కన్నులతోనే గాక చెవులతో కూడ చూడవలెను. ధ్వనిని వాడుటలో జెర్మి పనితనము ఇందు పరాకాష్ఠకు చేరినది. కథనంతయు ఫెఫేయే తన గొంతుతో చెప్పుచుండును. దానికి తోడు, మరునాడు తన కొరకు న్యాయస్థానమున మాటాడబోవు న్యాయవాది ఉపన్యాసము ఆతని మనసులో ముందుగనే మ్రోగుచుండును. సిసిలీ సూర్యుడు, పూర్వుల రక్తము, భగ్నమైన గృహస్థ హృదయము – ఇట్టి శబ్దాడంబరము చెవిలో పడుచుండగా, కంటికి మాత్రము నూనె పూసిన తలతో గోడ చాటున నక్కిన ఒక సోమరి కనిపించును. కార్లో రుస్తికెల్లి సంగీతము ఈ రెండింటికి నడుమ వేడుకగ నడచును. వినబడు మాటకును కనబడు మనిషికిని గల ఆ దూరమే ఈ చిత్రపు హాస్యమంతయు. దాని వలన న్యాయస్థానములలో యేండ్ల తరబడి సాగిన ఆ వాగ్ధోరణి లోపల డొల్లయని తేలిపోవును.

ఈ వడ్రంగము ఎంత సన్ననిదో ఒక్క సన్నివేశము చాలును. ఊరిలోనికి ఫెల్లినీ చిత్రము 'లా దోల్చె వీతా' వచ్చును. చర్చి పూజారి దానిని చూడరాదని పీఠమెక్కి శాసించును. ఊరంతయు విరుగబడి చూచును. ఆ చిత్రమున నాయకుడు కూడ మాస్త్రొయాన్నియే యని ప్రేక్షకులకు తెలియును. పురుషులందరు తెరపై ఊరేగు సుందరిని కన్నార్పక చూచుచుండగా, ఇంటనున్న భార్య ఏమి చేయుచున్నదో పట్టుకొనుటకు ఫెఫే చీకటిలో లేచి పోవును. తాము చూచి ఆనందించు దానినే తమ ఇంటి స్త్రీ చేసినచో తుపాకి పట్టెడి ఊరిని ఇంతకంటె క్లుప్తముగ చూపుట సాధ్యము కాదు.

తరువాత కథలో మరియొక మెలిక కలదు. రొసాలియా కార్మెలోతో లేచిపోవును. ఫెఫే వెంటనే కోపపడడు. పరువు పోయినదని లోకమంతటికి తెలియవలెను. అప్పుడు గాని శిక్ష తగ్గదు. అజ్ఞాత లేఖలు రాసాగును. ఆతడు వాటిని సాక్ష్యముగ భద్రపరచుకొనును. ఊరు వెక్కిరించును, ఆతడు లోలోన సంతసించును. వడ్డీ వ్యాపారి రుణపత్రములను కూడబెట్టినట్లు, ఈ పెద్దమనిషి అవమానములను కూడబెట్టును. ఒక శవయాత్రలో కార్మెలో భార్య ఇమ్మకొలాత అందరి యెదుట ఆతని ముఖముపై ఉమ్మివేయును. మూట నిండినది. ఫెఫే తుపాకితో పోవునప్పటికి ఇమ్మకొలాత తన భర్తను చంపియే యుండును. ఆతడు తన భార్యను కాల్చివేయును. కొద్దికాలపు శిక్ష, మేళతాళములతో పునరాగమనము, ఆంజెలాతో వివాహము. చివరి దృశ్యమున నావపై ఎండ కాచుకొనుచు భర్త పరవశించియుండగా, నవవధువు పాదము నావ నడుపు యువకుని పాదమును మెల్లగ తాకును.

ఈ చిత్రముపై ఒక ఆక్షేపణ కలదు. దానిని మనము దాటవేయరాదు. రొసాలియాను జెర్మి వికారముగ చూపెను. నిజమునకు అందగత్తెయగు డానియెలా రోక్కాకు కలిసిన కనుబొమలు, నూనూగు మీసము పెట్టించి నవ్వులపాలు చేసెను. చంపబడు స్త్రీని చూచియే మనము నవ్వినచో, ఈ హాస్యము ఎవరి పక్షము వహించినట్లు? ఈ ప్రశ్నకు పూర్తి సమాధానము లేదు. కాని ఒక మాట చెప్పవచ్చును. చిత్రమంతయు ఫెఫే కన్నులతో చూడబడినది. ఆతని గొంతుతో చెప్పబడినది. ఆమెను చూచి మనము నవ్విన ప్రతిసారియు ఆతని కోరికవైపు ఒక్కొక్క అడుగు వేయుచున్నాము. తుపాకి ప్రేలినప్పుడు ఆ నవ్వు ఎవరిని ఎక్కడికి తీసికొనివచ్చినదో తెలిసి, ఆలోచన గల ప్రేక్షకుడు ఉలికిపడును. ఆలోచన లేనివాడు నవ్వుచునే బయటికి పోవును. అపహాస్యమునకు ఈ అపాయము ఎప్పుడును ఉండనే యున్నది. జెర్మి దానిని తెలిసియే తలకెత్తుకొనెనని మా అభిప్రాయము.

1962లో కాన్ ఉత్సవమున ఈ చిత్రమునకు ఉత్తమ హాస్యచిత్ర బహుమానము వచ్చెను. మరుసటి సంవత్సరము అమెరికాలో జెర్మి, ఎన్నియో దె కొన్చీని, అల్ఫ్రెదో జన్నెత్తి మువ్వురకు ఉత్తమ చిత్రకథా రచనకై ఆస్కారు బహుమతి లభించెను. దర్శకత్వమునకు జెర్మి, నటనకు మాస్త్రొయాన్ని పేర్లు కూడ పరిశీలనకు నిలిచినవి. ఇటలీయేతర భాషలో తీసిన చిత్రములే రాజ్యమేలు ఆ సభలో ఒక సిసిలీ గ్రామపు కథకు ఈ గౌరవము దక్కుట చిన్న సంగతి కాదు.

ఇప్పుడు 1949 నాటి విశ్వాసమును మరల తలచుకొందము. అప్పుడు చట్టము బయటినుండి వచ్చి ఆచారమును జయించునని జెర్మి నమ్మెను. ఇప్పుడు చట్టపు పుటలు తెరచి చూడగా, ఆ ఆచారమే అక్షరములు ధరించి లోపల కూర్చుండియున్నది. ఫెఫే చట్టమును అతిక్రమించినవాడు కాడు. దానిని శ్రద్ధగ చదివి, చెప్పినది చెప్పినట్లు ఆచరించినవాడు. ఒక దర్శకుని జీవితమున ఇంతకంటె పెద్ద మలుపు ఉండదు.

1964లో వచ్చిన 'సెదొత్తా ఎ అబ్బందొనాతా', అనగా 'వంచిత, పరిత్యక్త', ఇదే మార్గమున మరింత లోతునకు దిగినది. ఈసారి గురి 544వ నిబంధన. బలాత్కరించినవాడు బాధితురాలిని వివాహమాడినచో నేరము మాసిపోవునని ఆ నిబంధన సారాంశము. దొన్ విన్చెంజో అస్కలోనె పెద్ద కుమార్తెకు నిశ్చయమైన వరుడు పెప్పీనో; వాడు రెండవ కుమార్తె ఆన్యేజెను చెరచును. తండ్రి వివాహము చేసికొమ్మనగా, శీలము పోయిన కన్యను ఎట్లు చేసికొందునని వాడే ప్రశ్నించును! తండ్రి కొడుకుచేత హత్య చేయింపజూచును. అది పొసగక, ఊరి నడుమ ఒక కపట అపహరణము నడిపించును. ఆన్యేజె ఒప్పుకొననని మొండికెత్తును. ఆమెకు ఏమి కావలెనని అడుగువారు లేరు. పోలీసు అధికారి విసిగి, గోడమీది ఇటలీ పటములో సిసిలీని అరచేతితో మూసి, అది లేనిచో దేశమెట్లుండునో చూచుకొనును. చివరకు తండ్రి, తన మరణము తెలిసినచో పెండ్లి ఆగునేమోనని, దానిని దాచుమని ఆజ్ఞాపించి కన్నుమూయును. ఆతని సమాధిపై రెండే మాటలు: పరువు, కుటుంబము. తండ్రి పాత్రధారి సారో ఉర్ద్జీకి ఆ సంవత్సరము కాన్ ఉత్సవమున ఉత్తమ నటుని బహుమానము పంచి ఇయ్యబడెను.

ఈ చిత్రము వచ్చిన రెండేండ్లు తిరుగకముందే కథ నిజమయ్యెను. 1965 డిసెంబరు 26వ తేదీన సిసిలీలోని అల్కమో పట్టణమున ఫ్రాంకా వియోలా అను పదునేడేండ్ల బాలిక ఎత్తుకొనిపోబడి చెరచబడెను. ఆచారము చెప్పినది, చట్టము అనుమతించినది ఒక్కటే: పెండ్లి. ఆమె పెండ్లి నిరాకరించెను. తండ్రి ఆమె పక్షము వహించెను. 1966లో విచారణ జరిగి దోషికి 11 సంవత్సరముల శిక్ష పడెను. చిత్రములోని ఆన్యేజె చివరకు లొంగిపోయినది. అల్కమో బాలిక లొంగలేదు. కల్పనకంటె వాస్తవమే ఒక్క అడుగు ముందునకు వేసినది. 2014లో ఇటలీ రాష్ట్రపతి ఆమెకు దేశపు ఉన్నత గౌరవ పురస్కారము నొసగెను.

సిసిలీవారిని చూచి ఉత్తరాదివారిచే నవ్వించుచున్నాడని జెర్మిపై ఒక నింద పడెను. ఆ నిందకు ఆతడు మాటలతో కాక మరియొక చిత్రముతో బదులు చెప్పెను. 1966 నాటి 'సిన్యోరె ఎ సిన్యోరి', అనగా 'అమ్మలు, అయ్యలు', ఈశాన్యపు సంపన్న నగరమగు త్రెవీజో వీధులలో చిత్రీకరింపబడినది. అచ్చట తుపాకులు లేవు. చక్కని దుస్తులు, కాఫీ హోటళ్లు, ఆదివారపు ప్రార్థనలు కలవు. ఒక బ్యాంకు గుమాస్తా కోపిష్ఠి భార్యను విడిచి నిజముగ ప్రేమించిన యువతితో బ్రతుకదలచినచో, చాటుమాటు సంబంధములు గల పెద్దలందరు ఏకమై వానిని అణచివేయుదురు. పాపము చేయవచ్చును గాని బయటపెట్టరాదు. అదే పెద్దలు పల్లెనుండి వచ్చిన ఒక బాలికను చెరచి, ఆమె తండ్రి ఫిర్యాదు చేయగా, సొమ్ముతో నోరు మూయింతురు. దక్షిణమున పరువు తుపాకి పట్టును; ఉత్తరమున చెక్కు వ్రాయును. ఈ చిత్రమునకు ఆ సంవత్సరము కాన్ ఉత్సవపు అగ్ర బహుమానము, ఫ్రెంచి దర్శకుడు లెలూష్ చిత్రముతో సమముగ, లభించెను.

తరువాతి చిత్రములలో ఇంతటి పదును లేదు. 1972 నాటి 'అల్ఫ్రెదో, అల్ఫ్రెదో'లో అమెరికా నటుడు డస్టిన్ హాఫ్‌మన్ నాయకుడు. విషయము మరల విడాకులే. ఇంతలో దేశము కదలుచుండెను. 1968లో రాజ్యాంగ న్యాయస్థానము, భార్య వ్యభిచారమును మాత్రమే నేరముగ పరిగణించు నిబంధనను కొట్టివేసెను. 1970 డిసెంబరు 1వ తేదీన విడాకుల చట్టము వచ్చెను. దానిని రద్దుచేయవలెనని కోరినవారి ఒత్తిడిపై 1974 మే 12, 13 తేదీలలో ప్రజాభిప్రాయ సేకరణ జరుగగా, 59 శాతమునకు పైగా ఓటర్లు చట్టము ఉండవలెననిరి. ఆ ఫలితమును జెర్మి చూచెను. డిసెంబరు 5వ తేదీన రోములో మరణించెను. తాను తలపెట్టి, అనారోగ్యముచే తీయలేకపోయిన 'నా మిత్రులు' అను చిత్రమును మారియో మొనిచెల్లి పూర్తిచేసి 1975లో విడుదల చేయుచు, దానిని పియెత్రో జెర్మి చిత్రముగనే ప్రకటించి, దర్శకత్వమునకు మాత్రము తన పేరు వేసికొనెను. వృత్తిలో ఇంతటి మర్యాద అరుదు.

జెర్మి ప్రభావము ఎట్టిదనగా, ఆతని చిత్రపు పేరే ఒక సంప్రదాయమునకు పేరయ్యెను. మొనిచెల్లి, దీనో రీసి, కొమెన్చీని మున్నగువారి చేదు హాస్యచిత్రములన్నిటిని 'కొమ్మెదియా అల్లితాలియానా', ఇటలీ ఫక్కి హాస్యము, అని పిలుచుట ఆ పేరునుండి వచ్చినదే. డి సీకా 1964లో 'ఇటలీ ఫక్కి వివాహము' తీసెను. 1967లో అమెరికావారు 'అమెరికా ఫక్కి విడాకులు' తీసిరి. లీనా వెర్ట్‌ముల్లర్ 1972లో సిసిలీ పురుషుని పరువు పిచ్చిని మరల తెరకెక్కించెను. పేరును అనుకరించుట తేలిక. శిక్షాస్మృతిని చేతబట్టి హాస్యము చేయుట మాత్రము అంత తేలిక కాలేదు.

1981 ఆగస్టు 5వ తేదీన ఇటలీ పార్లమెంటు చేసిన ఒకే చట్టముతో 587వ నిబంధనయు, 544వ నిబంధనయు కలిసి రద్దయ్యెను. బలాత్కారము నీతికి వ్యతిరేకమైన నేరము కాక, వ్యక్తికి వ్యతిరేకమైన నేరముగ పరిగణింపబడుటకు 1996వ సంవత్సరము రావలసి వచ్చెను. ఈ మార్పులను సినిమా తెచ్చినదనుట అతిశయోక్తి. తెచ్చినది న్యాయస్థానమెక్కిన ఫ్రాంకా వియోలా, వీధులకెక్కిన స్త్రీలు, ఓటు వేసిన కోట్లాది సామాన్యులు. మరి జెర్మి చేసినదేమి? అన్యాయపు శాసనము తన బలముచే మాత్రమే బ్రతుకదు. దానిని చదువువారి గంభీర ముఖములచే బ్రతుకును. భగ్నహృదయము, పూర్వుల రక్తము అని న్యాయవాది గొంతెత్తినప్పుడు సభ నిశ్శబ్దముగ వినవలెను. 1961 తరువాత ఇటలీలో ఆ మాటలు వినబడినప్పుడెల్ల, నూనె పూసిన తలయు, పెదవి కొసన చప్పుడును గల ఒక బారన్ వినువారి కన్నుల యెదుట మెదలెను. గంభీరముగ వినుట కష్టమయ్యెను. నవ్వు ఒక నిబంధనను కొట్టివేయలేదు. దానికి తలవంచి నమస్కరించు అలవాటును మాత్రము పోగొట్టగలదు. తక్కిన పని ప్రజలది.